అటుదిటైన బాతుమెడ

తైహు సరస్సు ఒడ్డున తుంగ్‌షాన్ ఊరు. కుర్చీల మేస్త్రి గు ఆగెన్ ఇంటి ముందుగది. ఇవాళ ఆయనకి అరవై నిండాయి. బయట వాన.

"పట్టుకో, పట్టుకో, వదలకు! సూచిన్, ఇప్పుడు వదిలావంటే ఇద్దరం అయిపోయినట్టే!"

"నేను వదల్లేదు కెమిన్, అదే జారుతోంది. చెయ్యి తడిగా ఉంది."

"తుడుచుకో మరి."

"ఎలా తుడుచుకోను? రెండు చేతుల్లోనూ మా తాతగారి కుర్చీ ఉంది!"

"నా చొక్కాకి తుడుచుకో."

"ఆహా, ఇప్పుడు సరసమా? మా నాన్న బజారు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే అప్పుడు చెప్పు ఆ మాట."

"రారు. ఈ వానలో బస్సు దిగి నడిచి రావాలి. చేతిలో పుట్టినరోజు రొట్టెలు. పీచ్ పండులా చేసినవి, గులాబీ రంగువి. తడిస్తే రంగు కారుతుందని చూరు చూరుకీ ఆగుతూ వస్తారు. మనకి బోలెడు టైముంది."

"మొదలుపెట్టినప్పుడూ ఇదే అన్నావు. ఏముంది, కుర్చీ చెయ్యి పైకి లేపడం, రెండు కర్రలు తీసి మార్చి పెట్టడం, మళ్ళీ దించడం, టీ నీళ్ళు మరిగేలోపు అయిపోతుందన్నావు. ఆ నీళ్ళు మరిగాయి, ఆవిరైపోయాయి, గిన్నె మాడిపోయింది."

"నువ్వు ముక్కలన్నీ తీసుకెళ్ళి కిటికీ కింద పెడతావని నాకేం తెలుసు? వాన పడితే చెక్క తాగుతుంది. తాగితే ఉబ్బుతుంది. ఉబ్బితే కర్ర కొసన ఉన్న కూసం బెజ్జంలో దూరదు."

"వెలుతురు కావాలన్నది ఎవరు?"

"వెలుతురు అడిగాను, వాన అడగలేదు. సరే, అది వదిలెయ్. ఏదీ, ఆ జుట్టు ఆరబెట్టే మిషను ఇటివ్వు."

"ఏం చేస్తావు?"

"కుర్చీకి తలంటు అయింది కదా, ఆరబెడతాను."

"కెమిన్! అది మింగ్ రాజుల కాలం నాటి కుర్చీ!"

"అయితే మెల్లగా ఆరబెడతాను, పెద్దమనిషి కదా. నవ్వకు, నువ్వు నవ్వితే నా చెయ్యి వణుకుతుంది. చూడు, అందుకే నా దగ్గర పన్ను పీకించుకునేవాళ్ళ పక్కన చుట్టాల్ని కూర్చోనివ్వను."

"ఆ పీకడం సంగతి ఎత్తకు. మొదటిసారి మా ఇంటికొచ్చిన రోజున బుద్ధిగా టీ తాగి, బావుందని చెప్పి వెళ్ళిపోవచ్చు కదా! 'మేస్త్రిగారూ, ఈ కుర్చీలో ఎడమ కర్ర కుడికీ, కుడి కర్ర ఎడమకీ బిగించినట్టున్నారే' అనాలా?"

"నిజమే కదా! నేను పళ్ళ డాక్టర్ని. ఎడమ దవడ పన్ను కుడి వైపు కనిపిస్తే నాకు ఊపిరాడదు. చూడు, కుర్చీ చేతిని మోసే ఈ కర్రని, బాతు మెడలా ఎంత ఒద్దికగా వంగి ఉందో. రెండు బాతులూ ఎదురెదురుగా వంగి కూర్చున్నవాణ్ణి పలకరించాలి. ఇందులోనేమో రెండూ అలిగి చెరో వైపు తిరిగాయి. అందుకే ఆ కిర్రు, ఆ ఊగడం."

"చిన్నప్పటినుంచీ చూస్తున్నాను, మా కుర్చీ తీరే అంత అనుకున్నాను. మా నాన్న దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. నువ్వు ఆ మాట అనగానే చూశావా ఆయన మొహం? పండు మిరపకాయ!"

"చూశాను. ఆ మిరపకాయ లేచి నిలబడి అన్న మాట కూడా విన్నాను. 'నీ పని పీకడం, నా పని బిగించడం. పీకేవాడికి నా పిల్లనివ్వను.' నా గొడుగు కూడా ఇవ్వలేదు, నన్ను తోసి తలుపేసేశారు."

"ఇవాళ మధ్యాహ్నం నూడుల్సు తిన్నాక ఆఖరి మాట చెప్తానన్నాడు. కాదంటే ఇంక కాదనే. మా మేనత్త షాంఘై సంబంధం ఒకటి సంచిలో వేసుకుని తిరుగుతోంది. అబ్బాయి సిమెంటు వ్యాపారం."

"సిమెంటా! సిమెంటు పూసి బిగించేవాడు నచ్చుతాడేమో మీ నాన్నకి."

"నాకు ఏడుపొస్తుంటే నీకు నవ్వులాటగా ఉందా?"

"లేదు సూచిన్. నిజంగా లేదు. భయమేస్తే నాకు ఇలాగే వాగుడు వస్తుంది. విను. మీ నాన్న వస్తారు, ఈ కుర్చీలో కూర్చుంటారు, కిర్రుమనదు. 'ఎవరు చేశార్రా ఇది' అంటారు. నేను తల వంచుకుని నిలబడతాను. పీకేవాడికి బిగించడం కూడా వచ్చని ఆయన కళ్ళతో ఆయనే చూస్తారు. నువ్వు ఏడుస్తావు, కానీ సంతోషంతో. అదీ మన లెక్క. ఊఁ, ఎత్తు. బాతుమెడలు రెండూ దిగాయి కదా?"

"దిగాయి. ఎంత ముచ్చటగా ఎదురెదురు చూసుకుంటున్నాయో! వీటిని మార్చి పెట్టినప్పుడు ఠక్కుమని ఎలా దిగాయో, అసలు ఇవి పుట్టిందే ఇలా అన్నట్టు."

"మరి? ఇప్పుడు కుర్చీ చేతి వంతు. అయిదు ముక్కలు. ఒకదాని నోట్లో ఒకటి. ఈ నోరు చూడు, లోపల చిన్న కొక్కెం, అది వెళ్ళి పక్కదాని పొట్టలో పట్టుకుంటుంది. మేకు లేదు, బంక లేదు. చేసినవాడు ఎవరో కానీ, నా పళ్ళు వాడు కట్టి ఉంటే నూరేళ్ళూ చెరుకు నమిలేవాణ్ణి."

"వాసన చూశావా? పైన ఏమీ రాదు. విప్పితే మాత్రం లోపల ఎంత కమ్మటి వాసన!"

"చేవ కదా. ఈ ముడి చూడు, ఎవరో పళ్ళికిలించినట్టు లేదూ?"

"ఆ దయ్యం మొహమా? చిన్నప్పుడు దానికి అన్నం పెట్టేదాన్ని. మెతుకులు అంటుకుని ఉండిపోయేవి, మా నాన్న నూనె గుడ్డతో తుడుస్తూ దయ్యానికి ఆకలి ఎక్కువమ్మా అనేవాడు."

"ఆయన అలాంటి మాటలు కూడా అంటారా? నాతో మాత్రం పీకుడు భాషే. ఆఁ, పడింది! ఇదీ పడింది. నాలుగోది... నొక్కు, నీ బరువంతా వేసి నొక్కు."

"నాకు బరువెక్కడిది?"

"నిన్న రాత్రి మూడు గిన్నెల అన్నం తిన్న మనిషి ఎవరు? అదీ! పడిందమ్మా! అయిదు ముక్కలూ పడ్డాయి. ఇప్పుడు శీలలు. అతుకు అతుకుకీ ఒక చిన్న చెక్క శీల. అది కొడితేనే ముక్కలు కదలకుండా కరుచుకుంటాయి. ఇయ్యి."

"ఇవిగో."

"ఒకటి, రెండు, మూడు. ఇంకోటి?"

"ఇంతే ఉన్నాయి."

"నాలుగుండాలి. నాలుగు అతుకులు, నాలుగు శీలలు. నా చేత్తో నేనే తీసి ఈ పళ్ళెంలో పెట్టాను."

"పళ్ళెంలో మూడే ఉన్నాయి కెమిన్."

"బల్ల కింద చూడు. చాప ఎత్తు. నీ చెప్పుల్లో చూడు. పిల్లి ఏదీ?"

"పిల్లి శీల తింటుందా?"

"మీ ఇంట్లో ఏమైనా జరుగుతుంది!"

"నాయనమ్మ వస్తోంది! అడుగుల చప్పుడు! కుర్చీ మీద దుప్పటి కప్పు!"

"దుప్పటి కప్పితే కుర్చీ శవంలా కనబడుతుంది. నేనే అడ్డంగా నిలబడతాను. నమస్కారం మామ్మగారూ! పొద్దున్నే భలే కళగా ఉన్నారు!"

"ఎవరూ, పళ్ళ అబ్బాయా? మా ఆగెన్ నిన్ను గుమ్మం తొక్కొద్దన్నాడుగా?"

"నాయనమ్మా, అతను... నీ కోసం వచ్చాడు. నీ పళ్ళు చూడ్డానికి."

"నా నోట్లో ఉన్నవి రెండు. అవి చూడ్డానికి ఇంత పొద్దున్నే, వానలో, చేతిలో కొయ్యసుత్తి పట్టుకుని వచ్చాడా?"

"ఇది... ఇది కొత్త పద్ధతి మామ్మగారూ. పన్ను గట్టిగా ఉందో లేదో మెల్లగా తట్టి చూస్తాం."

"అలాగా. కాలం మారింది. నేను మాత్రం నోరు తెరవను నాయనా, అదేదో ఆ కుర్చీనే తట్టుకో."

"కుర్చీయా? కుర్చీకేమైంది? కుర్చీ బానే ఉందే! సూచిన్, కుర్చీకేమైనా అయిందా?"

"ఏమీ కాలేదు. నాయనమ్మా, నువ్వు ఇలా వచ్చి ఈ స్టూలు మీద కూర్చో. ఇటు తిరిగి. వాన చూడు, ఎంత బావుందో... కెమిన్! కెమిన్, ఆవిడ కొప్పు!"

"కొప్పుకేం?"

"కొప్పులో ఏముందో చూడు!"

"అమ్మో."

"ఏమిటర్రా, నా కొప్పులో తేలుందా?"

"కాదు నాయనమ్మా, ఆ పుల్ల... ఎక్కడిది?"

"ఇదా? ఇందాక ఇటుగా వస్తే ఎవరూ లేరు, పళ్ళెంలో కనబడింది. నున్నగా, కొప్పులోకి భేషుగ్గా ఉందని పెట్టుకున్నాను. మీదేనా?"

"మాదేం కాదు! కానీ నీ కొప్పు జారిపోతోంది, ఉండు, నేను ముడేస్తాను. ఇదిగో, ఇంతకంటే మంచి పుల్ల. అన్నం తినే పుల్ల, ఎర్రగా, కొత్తది. పుట్టినరోజు కదా, ఎరుపు శుభం."

"దాని జత ఏదీ? ఒంటి పుల్లతో ఎవరైనా అన్నం తింటారా?"

"జత కూడా పెడతాను. రెండూ పెడతాను. కెమిన్, పట్టుకో, విసురుతున్నాను!"

"దొరికింది. మామ్మగారూ, క్షమించాలి, నాకు వానకి దగ్గు పట్టుకుంది. ఖళ్! ఖళ్! ఖళ్!"

"పాపం, దగ్గు దగ్గుకీ చెక్క చప్పుడొస్తోందే ఈ అబ్బాయికి."

"గుండెలో కఫం నాయనమ్మా. గట్టిపడిపోయింది."

"ఖళ్! అయిపోయింది! ... అంటే, దగ్గు. దగ్గు అయిపోయింది."

"మంచిది. ఇంక పక్కకి జరుగు నాయనా. నా కుర్చీలో నేను కూర్చుంటాను, స్టూలు మీద నడుం నిలవట్లేదు. అబ్బా... అమ్మయ్య. ... ఏమర్రా?"

"ఏమిటి నాయనమ్మా?"

"ఇది మాట్లాడట్లేదేం?"

"ఏది?"

"కుర్చీ. నేను కూర్చోగానే కిర్రుమని పలకరిస్తుంది, కాస్త ఎడమకి ఊగుతుంది. ఇవాళ నోరు మెదపలేదు."

"వాన నాయనమ్మా! వానకి చెక్క ఉబ్బింది. ఉబ్బితే కదలదు కదా. అవునా కెమిన్?"

"శాస్త్రం ప్రకారం అంతే మామ్మగారూ. ఎండాకాలం వస్తే మళ్ళీ మాట్లాడుతుంది."

"ముప్పై వానాకాలాలు కిర్రుమంది. ఈ వానకే కొత్తగా ఉబ్బిందా? సరేలే, పెద్దదైంది, మాటలు తగ్గించింది. అబ్బాయ్, నీకు తెలుసా, ఈ కుర్చీని నిలబెట్టింది ఎవరో?"

"మింగ్ కాలం పనివాడెవరో..."

"వాడు చేశాడు. నిలబెట్టింది ఎవరు?"

"తెలీదు మామ్మగారూ."

"నేను."

"మీరా?"

"పాతవేవీ ఉండకూడదని సర్కారే అన్నీ పగలగొట్టించిన ఏళ్ళు. చేతికి ఎర్రగుడ్డ కట్టుకున్న పిల్లలు ఇంటింటికీ తిరిగేవాళ్ళు. ఇది కుర్చీగా ఉండి ఉంటే ఆ పూటే పొయ్యిలోకి పోయేది. మీ తాత మొత్తం విప్పేశాడు. విప్పాక కుర్చీ ఎక్కడుంది? కర్రలున్నాయి. కాళ్ళు నాలుగూ బట్టలారేసే దండేనికి గుంజలయ్యాయి. కూర్చునే చట్రం కోళ్ళగూటికి మూత. వీపు పలక ఊరగాయ జాడీ మీద. ఈ గుండ్రటి చెయ్యి ముక్కలు బియ్యం బస్తాల కింద. ఇదిగో ఈ బాతుమెడలు రెండూ వంటింట్లో ఎండు మాంసం వేలాడదీసే కొక్కేలు."

"మరి ఆ పిల్లలు రాలేదా నాయనమ్మా?"

"రాకేం! వచ్చారు, కోళ్ళగూటి మీదే కూర్చున్నారు. నా పుచ్చకాయ కోసుకు తిన్నారు. ఈ ఇంట్లో పాతసామాను ఏమీ లేదు, మంచి ఇల్లు అని మెచ్చుకుని పోయారు. గూట్లోంచి పెట్ట అరుస్తూనే ఉంది, మా యజమానుల కుర్చీ మీద ఎవరర్రా మీరంతా అని."

"భలే! భలే మామ్మగారూ!"

"ఆ తరవాతే మీ తాతని కొండమీది ఇటికల బట్టీకి తీసుకుపోయారు. తిరిగి రాలేదు. ఆగెన్ కాలవ తవ్వకానికి వెళ్ళాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. గోల సద్దుమణిగాక ఒకరోజు కర్రలన్నీ ఏరి ముందేసుకున్నాను. ఉలి ఎటు పట్టుకోవాలో తెలీనిదాన్ని. ఏ ముక్క ఎక్కడిదో నా ఈ రెండు చేతుల్తో తడిమి తడిమి, నేనే నిలబెట్టాను. ఆగెన్ వచ్చి గుమ్మంలో నిలబడి చూశాడు. కళ్ళనిండా నీళ్ళు. 'అమ్మా, నాన్న చేసినా ఇంత బాగా రాదు' అన్నాడు. ... ఏం, ఇద్దరి మొహాలూ అలా పాలిపోయాయేం?"

"ఏం లేదు నాయనమ్మా."

"ఏం లేదు మామ్మగారూ. అంటే... అన్నీ మీరే? ఈ బాతుమెడలు కూడా మీరే?"

"అన్నీ నేనే. వాటిని పెట్టడానికే ఎక్కువసేపు పట్టింది."

"సూచిన్, నాకు మళ్ళీ దగ్గొస్తోంది. నిజం దగ్గు."

"అదిగో ఆగెన్ వచ్చినట్టున్నాడు. గొడుగు విదిలిస్తున్నాడు. ఒరేయ్, కాళ్ళు తుడుచుకుని రా!"

"తుడుచుకున్నానమ్మా! రొట్టెలు ఒక్కటీ తడవలేదు, అన్నీ నా కోటులో పెట్టుకొచ్చాను, కోటంతా గులాబీ రంగైపోయింది. సూచిన్, నీళ్ళు పెట్టావా, నూడుల్సుకి... ఇతనెందుకున్నాడిక్కడ? పీకేవాడు! నేనేం చెప్పాను, గడప... గడప..."

"ఏరా, మాట మధ్యలో ఆగిపోయావేం?"

"ఏం లేదమ్మా. నువ్వు... ఆ కుర్చీలో... హాయిగా ఉందా?"

"మహా హాయిగా ఉంది."

"అలాగా. అలాగా. మంచిది. నువ్వు కదలకు. సూచిన్, వంటింట్లోకి రా. నువ్వు కూడా రావయ్యా డాక్టరూ. నూడుల్సు సంగతి చూద్దాం."

"నాన్నా, అతనికి నూడుల్సు గురించి ఏం..."

"రమ్మన్నానా? తలుపెయ్. గట్టిగా వెయ్. ఇప్పుడు చెప్పండి, మెల్లగా చెప్పండి. ఎవరు? ఎవరు ముట్టుకున్నారు?"

"నేను మేస్త్రిగారూ."

"కాదు నాన్నా, నేను. కుర్చీ చెయ్యి పైకి లేపింది నేను."

"పీకింది నేను."

"బుద్ధుందా మీకు! మార్చెయ్యండి. ఇప్పుడే. ఈ క్షణం. అమ్మ చూడకముందే ఎడమది కుడికి, కుడిది ఎడమకి, ఎలా ఉన్నవి అలా పెట్టెయ్యండి!"

"నాన్నా... అయితే నీకు తెలుసా? అవి తారుమారుగా ఉన్నాయని?"

"నాకు తెలీకపోవడమేమిటే! నలభై ఏళ్ళుగా ఉలి పట్టినవాణ్ణి! కాలవ పని నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూశాను, అక్కడికే తెలిసిపోయింది. అవతలేమో అమ్మ. వేళ్ళనిండా కొయ్యపేళ్ళు గుచ్చుకుని, గుడ్డపీలికలు చుట్టుకుని, నవ్వుతూ. నాన్న పోయాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. తప్పు పెట్టావమ్మా అని నోరెలా వస్తుందే నాకు?"

"అందుకా ఎవర్నీ ముట్టుకోనివ్వనిది?"

"మరెందుకనుకున్నావు? మ్యూజియం నుంచి ఒకాయనొచ్చి కళ్ళజోడు సవరించుకుంటుంటేనే తెలిసింది, ఏదో అనబోతున్నాడని. చీపురుతో తరిమాను. నా చిన్ననాటి నేస్తం ఒకడు వంగి చూసి 'ఆగెన్, ఇదేమిట్రా' అన్నాడు, అంతే, ఇప్పటిదాకా వాడితో మాటల్లేవు. మా వడ్రంగుల సంఘం పెద్దమీద టీ కెటిలు విసిరాను."

"మరి నేను, మేస్త్రిగారూ? పీకేవాడికి పిల్లనివ్వననడం?"

"మరేం చెప్పమంటావయ్యా! పక్కనే మా అమ్మ. నువ్వేమో ఎడమ కుడి ఎడమ కుడి అని కవాతు చేయిస్తున్నావు! నోటికొచ్చిన తిట్టు తిట్టి మాట మళ్ళించాను. పళ్ళు పీకితే నాకేం, గోళ్ళు పీకితే నాకేం! గుమ్మంలోంచే పట్టేశావు. అలాంటి కన్ను నా శిష్యుల్లో ఒక్కడికి లేదు. అమ్మ పక్కన లేకపోతే పిల్లని ఆ రోజే నీ చేతిలో పెట్టేసేవాణ్ణి!"

"నాన్నా!"

"మేస్త్రిగారూ!"

"అరవకండి! ఇప్పటికైనా ఇస్తాను. కానీ ముందు ఆ బాతుమెడలు పీకు. అమ్మ లేవగానే పీకి, మళ్ళీ తప్పుగా బిగించు. అది చేశావా, ఇవాళే మాట ఇచ్చేస్తాను."

"పీకమంటున్నారా? నన్ను?"

"నీ వృత్తి అదే కదయ్యా! పీకు!"

"రావండీ. వానకి ఉబ్బి కరుచుకుపోయాయి. ఇప్పుడు లాగితే కూసం విరుగుతుంది."

"కెమిన్, కుర్చీ కాలి కింద ఏదైనా పెడితే? వేరుశనగ తొక్క. ఊగుతుంది కదా!"

"ఊగుతుంది, మరి కిర్రు?"

"కిర్రు నేనంటాను. కుర్చీ వెనకాల నిలబడి, ఆవిడ కదిలినప్పుడల్లా కిర్రు అంటాను."

"నాన్నా, అరవై ఏళ్ళొచ్చాయి నీకు ఇవాళ!"

"వస్తే? అమ్మకి ఎనభై రెండు! ఆవిడకి తెలిస్తే తట్టుకుంటుందా? తొక్కలివ్వు. నవ్వకండి ఇద్దరూ, మొహాలు మామూలుగా పెట్టండి. పదండి. ... అమ్మా! కాస్త లేస్తావా? ఆ కింద ఏదో పడింది, తుడుస్తాను."

"లేవను."

"ఒక్క నిమిషమమ్మా."

"లేవనంటే లేవనురా. ముప్పై ఏళ్ళకి నా వీపు నిటారుగా ఆనింది, ఎందుకు లేస్తాను? నీ గుప్పెట్లో ఆ వేరుశనగ తొక్కలేమిటి?"

"నిటారుగా అంటే... ఏమిటమ్మా?"

"కర్రలు ఎవరి చోట అవి ఉన్నాయి కదా. పిల్లని ఈ అబ్బాయికి ఇచ్చెయ్యరా ఆగెన్. దగ్గు ఒకటే మంచిది కాదు, మిగతా అంతా బావుంది."

"ఇచ్చేశానమ్మా, ఇందాక వంటింట్లోనే ఇచ్చేశాను. కాదు, ఆగు. కర్రలు ఎవరి చోట అవా? నీకు... నీకు తెలుసా?"

"మామ్మగారూ, అందులో మీ తప్పేం లేదు. ఆ రెండు కర్రలూ ఒకలాగే ఉంటాయి, ఎవరైనా సరే పొరపాటు..."

"పొరపాటా? ఎవరు పడ్డారు నాయనా పొరపాటు? ఏడాదిపాటు ఆ కొక్కేలకి మాంసం తగిలించినదాన్ని, ఏది ఎటు వంగుతుందో నాకు తెలీదా? మీ తాత వెళ్తూ వెళ్తూ చెప్పాడమ్మా సూచిన్. పగలగొట్టేవాళ్ళు పోతే ఎత్తుకుపోయేవాళ్ళు వస్తారు, వాళ్ళ వెంట పని తెలిసినవాడు ఒకడుంటాడు, వాడు చూడగానే మొహం తిప్పుకునేలా ఒక్క తప్పు పెట్టు అన్నాడు. అలాగే పట్నం నుంచి లారీ వచ్చింది. కళ్ళద్దాలాయన దిగాడు. బాతుమెడలు చూశాడు. 'ఛీ, అతుకుల సరుకు, దీనికి లారీలో చోటు దండగ' అన్నాడు. పక్కింటి వాళ్ళ కుర్చీలన్నీ ఎక్కించుకుపోయాడు, ఇది మిగిలింది."

"కావాలనే పెట్టావా! అమ్మా! మరి నాకు చెప్పొద్దూ? ఆ లారీ వచ్చి పోయాకైనా, నా ఒక్కడికైనా చెప్పొద్దూ? నీ కుర్చీ కోసం ఈ ఊళ్ళో నేను తగువు పెట్టుకోని మనిషి మిగల్లేదమ్మా!"

"అందుకే చెప్పలేదురా పిచ్చి నాన్నా. చెప్తే మర్నాడే సరిచేసి కూర్చునేవాడివి. అమ్మకి చేతకాలేదన్న సంగతి అమ్మకి తెలియకూడదని ఊరంతటితో కొట్లాడే కొడుకు, ఆ తరవాత నాకెక్కడ దొరుకుతాడు?"